వాడి మంచికే చెప్పాను

జూన్ 3, సోమవారం

చిన్నోడికి ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. లిఫ్టుల కంపెనీ నుంచి. మా పెద్దోడు పనిచేసిన కంపెనీయే. వచ్చే వారం శుక్రవారం రమ్మన్నారట.

ఫోను నా ముఖం ముందు పెట్టి చూపించాడు. నేను టైలరు షాపు చొక్కాలకి బొత్తాలు కుడుతున్నాను. సూది ఆపలేదు. "మంచిదిరా" అన్నాను. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి భోజనం చేస్తున్నారు. తల ఎత్తలేదు. ఆయన వద్దంటారని నేను చూశాను. నేను వద్దంటానని ఆయన చూశారు. ఇద్దరం అనలేదు. వాడు ఫోను జేబులో పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు.

కరెంటు పని చదివినవాడు. ఊళ్ళో ఫ్యాన్లు లేవా, మోటార్లు లేవా. నేల మీద నిలబడి చేసే పని ఒక్కటీ దొరకలేదా వీడికి.

జూన్ 4

కుట్టిన చొక్కాల మూట షాపులో ఇచ్చి వచ్చాను. షాపు నాలుగో అంతస్తులో ఉంది. మెట్లెక్కే వెళ్ళాను. లిఫ్టు పక్కన స్టూలు మీద కూర్చునే ముసలాయన ఇవాళ కూడా ఊరుకోలేదు.

"ఏమ్మా, మా లిఫ్టు నీకేం అపకారం చేసింది? దాని మీద అలిగావా?"

"మోకాళ్ళకి మంచిదంట బాబాయ్."

"అవి అరిగిపోయేదాకా అలాగే చెప్తారు డాక్టర్లు" అన్నాడు.

ఆయనకి తెలియదు. తెలియనివాళ్ళతో మాట్లాడటమే సుఖంగా ఉంది. తెలిసినవాళ్ళు గొంతు తగ్గించి పలకరిస్తారు.

మధ్యలో మూట దించి నిలబడ్డాను. గోడ అవతల లిఫ్టు పోతున్న చప్పుడు. పైకి పోయింది. కిందికి వచ్చింది. మళ్ళీ పైకి. మనం లోపల నిలబడతాం. పెద్దోడు దాని నెత్తి మీద నిలబడేవాడు. పెట్టె మీదకెక్కి, ఆ చీకటి గొయ్యిలో తాళ్ళూ చక్రాలూ చూసేవాడు. ఆ రోజు వాడు పైన ఉండగా కింద ఎవరో స్విచ్చి వేశారు. మాకు చెప్పింది అంతే. ఎవరో.

జూన్ 6, గురువారం

పై ఇంటి టీచరమ్మ దిగి వచ్చింది. రిటైరైన దగ్గర్నుంచి ఆవిడకి పిల్లలు కరువయ్యారు. చిన్నోడి ఇంటర్వ్యూ సంగతి తెలిసి కుర్చీ వేయించుకుని కూర్చుంది.

"బయటికి వెళ్ళి మళ్ళీ రా. గుమ్మంలో ఆగు. అడిగి లోపలికి రా."

వచ్చాడు.

"ఏంట్రా ఆ నడక? అప్పు అడగడానికి వచ్చినట్టు. భుజాలు వెనక్కి. నా కళ్ళలోకి చూడు. ఊఁ, నీ గురించి చెప్పు."

వాడు పేరు చెప్పాడు.

"నీ పేరు మీద నీకే నమ్మకం లేకపోతే నాకెలా ఉంటుంది? గట్టిగా చెప్పు. తెలియనిది అడిగితే ఏమంటావు?"

"తెలీదంటాను."

"ఛ. తెలిసినదాని వైపు మాట తిప్పాలి. చేసి చూపిస్తానండీ అనాలి. అడగందే అమ్మైనా పెట్టదురా, ఊరివాడు ఉద్యోగం పెడతాడా? నిన్ను నువ్వు చూపించుకోవాలి."

మళ్ళీ మళ్ళీ బయటికి పంపింది. చివరిసారి వచ్చినప్పుడు భుజాలు నిటారుగా ఉన్నాయి. గడ్డం పైకి ఉంది. వెలుతురు వెనకనుంచి పడుతోంది, ముఖం సరిగా కనబడలేదు.

లేచి వంటింట్లోకి వెళ్ళాను.

"చూశావా నీ కొడుకుని, అచ్చం..." అని టీచరమ్మ ఆగిపోయింది. పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషి. ఎక్కడ ఆగాలో తెలుసు ఆవిడకి.

జూన్ 7

వాడు ఒక్కడే ఉన్నప్పుడు కూర్చోబెట్టి చెప్పాను. టీచరమ్మ చెప్పిందంతా టై కట్టుకునే ఉద్యోగాలకిరా. మనలాంటివాళ్ళకి అణకువ ముఖ్యం. పెద్దవాళ్ళ కళ్ళలోకి చూస్తే పొగరనుకుంటారు. తల దించుకుని మాట్లాడు. అడిగినదానికే జవాబు చెప్పు. నిండు కుండ తొణకదు. తెలియకపోతే తెలియదని చెప్పెయ్. అన్నీ నేనొక్కణ్ణే చేస్తానని ప్రగల్భాలు పలక్కు. భయమేస్తే భయమేస్తుందని చెప్పు.

"భయమంటే ఉద్యోగం ఎవరిస్తారమ్మా?" అని నవ్వాడు.

"నిజం చెప్పేవాణ్ణి ఎవరైనా ఇష్టపడతారు" అన్నాను.

కాసేపు నా ముఖం చూశాడు. "సరేలే, నువ్వు చెప్పినట్టే చేస్తా" అన్నాడు. వాడు చిన్నప్పట్నుంచీ అంతే. చెప్పినమాట వింటాడు. పెద్దోడికి ఒకటి చెబితే వాడు తిరిగి నాకు రెండు చెప్పేవాడు.

వాడి మంచికే చెప్పాను.

జూన్ 8

వాడి మంచికే.

జూన్ 9, ఆదివారం

మా ఆయనకి ఇవాళ డ్యూటీ లేదు. సిటీ బస్సు నడిపే మనిషి, ఇంట్లో ఉంటే కాలు నిలవదు. టీచరమ్మ మేడ మీద వాడితో గట్టిగా మాట్లాడిస్తోంది, కింద వరకూ వినబడుతోంది. వాడు దిగి రాగానే నేను మళ్ళీ నెమ్మదిగా చెప్పించాను. మా ఆయన అంతా విన్నారు. వాడు వెళ్ళాక అన్నారు:

"ఆవిడ కడుతోంది, నువ్వు కూలుస్తున్నావు."

"అణకువ నేర్పితే కూల్చడమా?"

"నోరు తెరిచి వద్దురా అని చెప్పొచ్చు కదా."

"మీరు చెప్పండి."

"నేను చెబితే ఎందుకు నాన్నా అంటాడు. అప్పుడు ఎందుకో నేను చెప్పాలి కదా."

ఆ మాట మా ఇంట్లో ఎవరూ అనరు. 'అప్పట్నుంచీ' అంటాం. అప్పట్నుంచీ నిద్ర సరిగా లేదు. అప్పట్నుంచీ పెద్దోడి గది తలుపు బిగుసుకుపోయింది. అప్పట్నుంచీ అంటే చాలు, అందరికీ తెలుస్తుంది.

జూన్ 11

అడిగేశాను. ఆ కంపెనీయే ఎందుకురా అన్నాను. కూర తరుగుతూ, ఏదో మాటవరసకి అన్నట్టు అడిగాను.

"అడిగిన ప్రతిచోటా అనుభవం ఉందా అంటున్నారమ్మా. ఉద్యోగం ఇస్తే కదా అనుభవం వచ్చేది. వీళ్ళొక్కళ్ళే అడగలేదు."

"ఎందుకు అడగలేదో తెలుసా?"

"తెలుసు. అన్న తమ్ముణ్ణని."

నేను తరుగుతూనే ఉన్నాను.

"అన్న మనింట్లో ఎలా ఉండేవాడో నాకు తెలుసమ్మా. రోజంతా ఎలా ఉండేవాడో వాళ్ళకి తెలుసు. నాకు సగమే తెలుసు" అన్నాడు.

కత్తిపీట కడిగి పెట్టాను. తరగాల్సినవి ఇంకా ఉన్నాయని తర్వాత చూశాను.

జూన్ 12, బుధవారం

చొక్కా ఉతికి ఇస్త్రీ చేశాను. లేత నీలం రంగు, టీచరమ్మే ఎంచింది. గుండె దగ్గర బొత్తాం దారం కత్తెరతో సగం తెంపాను. వంగి కూర్చుంటే ఊడిపోతుంది. బొత్తాం లేని చొక్కా వేసుకొచ్చినవాణ్ణి ఎవరు తీసుకుంటారు.

హ్యాంగరుకి తగిలించాను. మూటలో బొత్తాలు కుట్టడం మొదలుపెట్టాను. కుదరలేదు.

తీసి మళ్ళీ కుట్టాను. నేను కుట్టిన బొత్తాం ఊడిందని ఇంతవరకూ ఎవరూ షాపు మెట్లెక్కలేదు. అలాంటిది నా కొడుకు చొక్కాకా? తిప్పి తిప్పి కుట్టి ముడి మీద ముడి వేశాను. ఇప్పుడు చొక్కా చిరగాలి గానీ బొత్తాం ఊడదు.

అయినా మాటలు ఎలాగూ చెప్పాను కదా. అవి చాలు.

జూన్ 13

మరోసారి చెప్పించాను. తల దించుకునే చెప్పాడు. గొంతు పెగల్లేదు. చక్కగా వచ్చింది.

జూన్ 14, శుక్రవారం

పొద్దున్నే వెళ్ళాడు. నన్ను రావద్దన్నాడు. టీచరమ్మ మేడ మీదనుంచి "భుజాలు" అని అరిచింది. వాడు భుజాలు సర్దుకుని సందు మలుపు వరకూ అలాగే నడిచాడు. మలుపు తర్వాత ఎలా నడిచాడో.

సూదిలో దారం ఎక్కించడం, తీయడం. ఇదే పని మధ్యాహ్నం వరకూ.

వచ్చి నా పక్కన నేల మీద కూర్చున్నాడు. నేను అడగలేదు, వాడే చెప్పాడు. లోపల ఇద్దరు ఉన్నారట. ఒకరు ఆఫీసు మేడం. రెండో ఆయన సూపర్‌వైజరు. పెద్దోడి చేత పని చేయించిన ఆయనే. ఆ రోజు కబురు తెచ్చి, చెప్పలేక మా గుమ్మంలో నిలబడిపోయిన మనిషి.

"మేడం గట్టిగా మాట్లాడమంది. ఫ్యాను చప్పుడుకి వినబడట్లేదంది."

"తల దించుకునే ఉన్నావా?"

"ఉన్నా. ఆవిడ కాయితం మీద ఏదో కొట్టేసింది."

నా ప్రాణం లేచి వచ్చింది. ఇలా రాయకూడదేమో. రాశాను, సరే.

తర్వాత సూపర్‌వైజరు ప్రశ్న అడిగాడట. లిఫ్టు అంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల జనం ఉన్నారు. నువ్వొక్కడివే వెళ్ళావు. ఏం చేస్తావు?

"తెలీదండీ అన్నా. ఏదో ఒకటి చెయ్యాలిగా, లోపల చిన్నపిల్లలు ఏడుస్తున్నారు అన్నాడు. బయటనుంచి వాళ్ళతో మాట్లాడుతూ ఉంటానండీ, మీకు ఫోన్ చేస్తాను, రెండో మనిషి వచ్చేదాకా పైకెక్కను అన్నా. బిల్డింగువాళ్ళు నీకు చేతకాదని తిడుతున్నారు అన్నాడు. తిట్టనివ్వండి అన్నా. భయమా అన్నాడు."

"ఏమన్నావు?"

"భయమేనండీ అన్నా. పెన్ను పక్కన పెట్టేశాడు. ఇక వెళ్ళు అన్నాడు."

వాడు కాసేపు కాలి వేళ్ళు చూసుకున్నాడు.

"పోయిందమ్మా. బెంచీ మీద మిగతావాళ్ళంతా బ్రేకు వదిలి కిందికి దించేస్తామని చెప్పారంట. ఒకడైతే లిఫ్టు నా చేతిలో మేకపిల్లండీ అన్నాడంట."

వాడి తల నిమిరాను. పోతే పోయిందిరా, అదొక్కటే ఉద్యోగమా అన్నాను. ఇద్దరం భోజనం చేశాం. వాడు సగంలో లేచాడు. నేను కడుపునిండా తిన్నాను. చాలా రోజులైంది అలా తిని.

జూన్ 15

టీచరమ్మకి తెలిసింది.

"తెలీదన్నావా? భయమన్నావా? ఇదా నేను నేర్పింది? ఎవడు చెప్పాడురా నీకు ఈ తెలివి?"

నేను అక్కడే ఉన్నాను. బొత్తాలన్నీ డబ్బాలో పోసి, మళ్ళీ తీసి, రంగుల ప్రకారం వేరు చేస్తున్నాను.

"ఎవరూ చెప్పలేదండీ. నాకే నోరు రాలేదు" అన్నాడు.

జూన్ 17, సోమవారం

ఉద్యోగం వచ్చింది. అంతమందిలో వీడికే.

జూన్ 18

టీచరమ్మ ఇల్లిల్లూ తిరిగి చెబుతోంది. "మాటల్లో తడబడ్డాడు గానీ, నడక చూసి ఇచ్చుంటారు. ఆ భుజాలు నేను పెట్టించినవే." ఎవరూ నవ్వలేదు. నాకు మాత్రం నవ్వొచ్చింది, తర్వాత కుళాయి దగ్గర కూర్చుని ఏడ్చాను.

నిజం చెప్పేవాణ్ణి ఎవరైనా ఇష్టపడతారు అని నేనే అన్నాను. నోటికి వచ్చిన మాట అన్నాను. నిజమవుతుందనుకోలేదు.

జూన్ 19, బుధవారం

మధ్యాహ్నం సూపర్‌వైజరు వచ్చాడు. చిన్నోడు కాయితాలకి ఫొటోలు తీయించుకోవడానికి వెళ్ళాడు. మా ఆయన డ్యూటీలో ఉన్నారు. కావాలనే ఎవరూ లేనప్పుడు వచ్చాడని తర్వాత తెలిసింది.

కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. మంచినీళ్ళు ఇచ్చాను. తాగకుండా పట్టుకున్నాడు.

"మేడం వద్దందమ్మా మీ వాణ్ణి. నేనే పట్టుబట్టాను."

"ఎందుకు బాబూ? వాడికి మాటే రాదు."

"మా పనికి అన్నీ తెలుసనేవాళ్ళు బోలెడుమంది వస్తారు. తెలీదు, ఆగుతాను అనేవాడు దొరకడు."

తర్వాత ఆయన చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తున్నాను. లిఫ్టు మీదకి ఎవరు ఎక్కినా ముందు కింద మెయిన్ స్విచ్చి ఆపి, దానికి తన తాళం వెయ్యాలట. ప్రతి మనిషికీ సొంత తాళం ఇస్తారు. తాళంచెవి జేబులో వేసుకుని పైకెక్కాలి. తాను దిగి వచ్చి తీస్తే తప్ప ఆ స్విచ్చి ఎవరి చేతికీ కదలదు.

"మీ పెద్దబ్బాయి తాళం ఆ రోజు బ్యాగులోనే ఉందమ్మా."

పక్కనున్న చొక్కా తీసి మడత పెట్టాను.

"చురుకైనవాడు. మా అందరికంటే పని వచ్చినవాడు. చిటికెలో అయిపోతుందిలే అనుకున్నాడు. బిల్డింగు వాచ్‌మన్ కరెంటు లేదేమిటా అని చూసి స్విచ్చి వేశాడు. తాళం ఉంటే వేసేవాడు కాదు. ఎవరో వేశారని చెప్పాం మీకు. అప్పుడు అంతకుమించి చెప్పడానికి నాకు నోరు రాలేదు."

"ఇప్పుడెందుకు చెబుతున్నారు?"

"రెండోవాణ్ణి తీసుకుంటూ దాచకూడదు కదమ్మా." గ్లాసు కింద పెట్టాడు. "మీరు వద్దంటే తీసుకోను. ఇంకేదో కారణం చెబుతాను వాడికి. మీరు అన్నారని వాడికి ఎప్పటికీ తెలియదు."

"తీసుకుంటే? వాడికేం కాదని మాటిస్తారా?"

"ఇవ్వలేనమ్మా" అన్నాడు. "వాడి తాళం పడిందో లేదో నా కళ్ళతో చూస్తాను. నేను లేనప్పుడు చూసేవాణ్ణి పెడతాను. అంతవరకే చెప్పగలను."

మాటిచ్చి ఉంటే నేను వద్దనేదాన్నేమో. తెలియదు. వద్దు అనే మాట నాలుక చివర ఉంది. రెండక్షరాలు. వాడికి తెలియదు, మా ఆయనకి తెలియదు, గోడలకి కూడా తెలియదు. ఈ చేత్తో చెప్పి ఆ చేత్తో వాణ్ణి ఓదార్చవచ్చు. మొన్న శుక్రవారం ఓదార్చలేదూ, అలాగే. కడుపునిండా తినవచ్చు.

"సాయంత్రం రండి. వాళ్ళిద్దరూ ఉంటారు" అన్నాను.

వచ్చాడు. తాళం సంగతి మళ్ళీ మొదటినుంచీ చెప్పాడు. మా ఆయన లేచి గోడవైపు తిరిగి నిలబడ్డారు. చిన్నోడు కదల్లేదు. ఎవరూ మాట్లాడకముందే నేను మాట్లాడాలని మాట్లాడాను.

"నాకు ఇష్టం లేదురా. మొదట్నుంచీ లేదు. నీకు ఉద్యోగం రాకూడదనే తల దించుకోమన్నాను. తెలీదనమన్నాను."

"తెలుసమ్మా."

"ఏం తెలుసు?"

"భయమేస్తే చెప్పమన్నావు చూడు. అప్పుడే తెలిసింది. ఉద్యోగం రావాలనుకున్నవాళ్ళు ఎవరైనా అలా చెప్తారా?"

"తెలిసి తెలిసి మరి అక్కడ అలాగే ఎందుకు చెప్పావురా?"

"ఆయన ఆ ప్రశ్న అడిగితే నిజంగానే భయమేసిందమ్మా. అన్న గుర్తొచ్చాడు. ఇంకోటి చెప్పాలంటే నోరు రాలేదు."

సూపర్‌వైజరు తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు.

"ఇప్పుడు చెబుతున్నా. వద్దురా" అన్నాను. "ఎందుకంటే మీ అన్న చచ్చిపోయాడు."

ఆ మాట మా ఇంట్లో మొదటిసారి అన్నది నేనే. ఇల్లేమీ కూలిపోలేదు. మా ఆయన గోడవైపు నుంచి ఇటు తిరిగారు.

వాడు లేచి వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"నేను వెళ్తానమ్మా" అన్నాడు. నా కళ్ళలోకి చూసే అన్నాడు.

జూన్ 20

ఒక్క తాళం వెయ్యడానికి ఏమైందిరా నీకు?

జూన్ 21

కోపంగా ఉంది. పోయినవాడి మీద కోపం వస్తుందని నాకెవరూ చెప్పలేదు. ఇన్నాళ్ళూ ఆ 'ఎవరో' మీద ఉంచుకున్నాను కోపమంతా. వాడు ఎవరో తెలియదు కాబట్టి ఎంతైనా తిట్టుకోవచ్చు. ఇప్పుడు తెలిసింది, ఒక వాచ్‌మన్. చీకట్లో కూర్చుని కరెంటు రాలేదేమిటా అని లేచిన మనిషి. ఆయన్ని తిట్టలేను.

పెద్దోణ్ణి తిట్టాను. ఆ గది తలుపు నెట్టి తెరిచి, లోపల నిలబడి తిట్టాను. ఎప్పుడూ నీకు తొందరే, తినేటప్పుడు తొందరే, బూట్ల తాళ్ళు కూడా పూర్తిగా కట్టుకోవు, నిన్ను పెంచలేక చచ్చాను అని పాతవీ కొత్తవీ కలిపి తిట్టాను. టీచరమ్మ మేడ మీదనుంచి "ఎవర్ని?" అంది.

"నా పెద్దకొడుకుని" అన్నాను.

ఆవిడ కిందికి వచ్చి పక్కన కూర్చుంది. ఏమీ నేర్పలేదు.

జూన్ 24, సోమవారం

మొదటి రోజు. వెళ్తున్నప్పుడు గుమ్మంలోకి రాలేదు నేను. వంటింట్లోంచే "వేశాక ఫోన్ చెయ్" అన్నాను. ఏం వేశాకో చెప్పనక్కర్లేదు.

పదింటికి చేశాడు. "వేశానమ్మా. సూపర్‌వైజరు చూశాడు." పక్కన ఎవరో నవ్వుతున్నారు, అమ్మకి రిపోర్టా అని. నవ్వనీ.

అయినా సాయంత్రం వరకూ ఒక్క బొత్తాం కుట్టలేదు. ధైర్యం వచ్చిందని రాయను. రాలేదు. రేపు కూడా రాదేమో. ఫోను పక్కన పెట్టుకుని కూర్చున్నాను, అంతే.

చీకటి పడకముందే వచ్చాడు. చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. తిన్నాడు, మళ్ళీ పెట్టమన్నాడు, రేపు పెందలాడే లేపమన్నాడు, కూర్చున్నచోటే పడి నిద్రపోయాడు. చొక్కా తీసి నీళ్ళలో వేశాను. లిఫ్టు గ్రీజు. సబ్బు అరిగింది గానీ మరక వదల్లేదు. అది ఒక పట్టాన వదిలే మరక కాదు, పెద్దోడి చొక్కాలు ఉతికినదాన్ని, నాకు తెలుసు. ఆ వాసన ఇల్లంతా అయింది. మా ఆయన కిటికీ తెరవబోయారు.

"ఉండనివ్వండి" అన్నాను.